అప్పన్నకు మూడు చప్పుళ్ళు

నేను ఒక తుపాకీని. కంగారుపడి చేతులు పైకెత్తకండి. ఇప్పుడు నా కడుపులో రౌండు లేదు, ఉన్నా పేల్చే స్థితిలో నేను లేను. తుపాకీ అనగానే కొంగల్ని కొట్టే నాటు తుపాకీ అనుకునేరు, అంత తక్కువ పుట్టుక కాదు నాది. నేను అసాల్ట్ రైఫిల్‌ని. ఒక్కొక్కటిగా పేలమంటే ఒక్కొక్కటిగా, గడగడా పేలమంటే గడగడా పేలేదాన్ని. సినిమాల్లో మా జాతి కనబడగానే వెనక సంగీతం మారిపోతుంది. నా సంగతి మాత్రం అంత ఆర్భాటంగా ఏమీ జరగలేదు. కాగితం బొమ్మల్ని చిల్లులు పొడవడం మినహాయిస్తే, నా సర్వీసు మొత్తంలో నేను ఒక్క మనిషి కోసమే పేలాను. ఆయన అప్పటికే చనిపోయి ఉన్నాడు. పైగా నేను పేల్చినవి ఉత్త మందు రౌండ్లు, వాటికి తూటా కూడా ఉండదు.

ఇలాంటి తుపాకీకి ఆత్మకథ ఎందుకని మీరు మూతి విరవవచ్చు. ఇంతకన్నా తక్కువ పని చేసిన మనుషులు రెండేసి భాగాలు రాసుకుని, ఆవిష్కరణ సభలు కూడా పెట్టించుకున్నారు. నేను ఒక్క భాగంతో, శాలువా లేకుండా సరిపెడతాను.

నేను పుట్టిన ఫ్యాక్టరీ పేరు చెప్పను. అది దేశ రహస్యం. ఆ ఊరి బస్టాండులో ఏ ఆటో అతన్ని అడిగినా నేరుగా గేటు దగ్గర దించుతాడు, అది వేరే విషయం.

సంబంధాలు చూసేవాళ్ళకు చెప్పినట్టు ముందు మా వంశం సంగతి చెప్పాలి. లోకంలో మాకు రెండు పెద్ద వంశాలున్నాయి. రెండూ ఒకే కిటుకు మీద బతుకుతాయి. రౌండు పేలినప్పుడు గొట్టంలో పుట్టిన పొగలో కాస్త దొంగిలించి, ఆ బలంతోనే ఖాళీ కేసును బయటికి విసిరేసి కొత్త రౌండును లోపలికి తోసుకోవడమే ఆ కిటుకు. దొంగసొత్తును ఎక్కడికి తీసుకెళ్ళాలన్న దగ్గరే పేచీ వచ్చింది. అమెరికా వంశం పాత పద్ధతిలో ఆ పొగను సన్నని గొట్టం గుండా నేరుగా తన కడుపులోకే ఊదుకుంటుంది. ఒళ్ళు తేలిక, గురి చక్కన. కానీ మసి అంతా తను తినే కంచంలోనే పడుతుంది, కనుక తుడిచేవాడు బద్ధకిస్తే అలుగుతుంది. రష్యా వంశం పొగను వరండా దాటి లోపలికి రానివ్వదు. పైన ఒక గదిలో ఇనుప కడ్డీని పెట్టుకుని పొగ చేత దాన్ని తన్నిస్తుంది. ఆ కడ్డీ వెళ్ళి బరువైన బోల్టును వెనక్కి గెంటుతుంది. గురి కాస్త అటూ ఇటూ అయితే అవుతుంది గానీ, బురదలోంచి తీసి విదిలించినా పేలుతుంది. మావాడు గొప్పంటే మావాడు గొప్పని ఈ రెండు వైపులవాళ్ళూ ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. కొట్టుకోవడమే మా కులవృత్తి కనుక ఎవరూ విడదీయడానికి రారు.

నేను రష్యా వైపు పోలికతో పుట్టాను. నన్ను గీసింది హైమవతి గారని మా డిజైను విభాగంలో ఒక ఇంజనీరమ్మ. ఎవరైనా కొత్త భాగం చూపించి మెప్పు కోసం నిలబడితే, “బాగుంది, ఇది లేకుండా నడవదా?” అని అడిగేవారు. అందువల్ల ఆవిడ దగ్గర భాగాలూ తక్కువే, స్నేహితులూ తక్కువే.

మొదటి నమూనాను చూడడానికి ఒక పెద్ద ఆఫీసరు వచ్చాడు. నన్ను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల గలగలమంది.

“ఏంటమ్మా ఇది, బిగువే లేదు? మా ఇంట్లో కుక్కర్ మూత ఇంతకన్నా గట్టిగా పడుతుంది,” అన్నాడు.

“కుక్కర్లో ఎవరూ ఇసుక పొయ్యరు కదండీ,” అన్నారు హైమవతి గారు. “దీంట్లో ఇసుక పడుతుంది, బురద పడుతుంది, డ్యూటీలో తినే మిక్చర్ పొట్లంలోంచి పప్పుబద్ద కూడా పడుతుంది. పడ్డది ఎక్కడికో పోవాలిగా? అందుకే భాగాల మధ్య చోటు వదిలాం.”

“మరి గురి సంగతేంటి?”

“రౌండు పేలే క్షణంలో బోల్టు తాళం పడే చోట వెంట్రుక కూడా దూరదండీ. బిగువు అక్కడ చాలు. మిగతా ఒళ్ళంతా వదులుగా ఉంటేనే మంచిది.”

ఆఫీసరుకు నా కుడిపక్కన పొడుచుకొచ్చిన లాగుడు పిడి కూడా నచ్చలేదు. మొటిమలా ఉందన్నాడు. ఆ పిడి నేరుగా బోల్టుకే అతికి ఉంటుంది. లోపల ఏదైనా ఇరుక్కుంటే మనిషి చెయ్యి అక్కడిదాకా చేరడానికి అదొక్కటే దారి అని హైమవతి గారు చెప్పారు. చేత్తో రాకపోతే బూటుతో తన్నవచ్చని కూడా చెప్పారు. ఎప్పుడూ మొరాయించనిది అంటూ ఏదీ ఉండదని, మొరాయించాక చేతికి లొంగేదే నమ్మదగ్గదని ఆవిడ అభిప్రాయం. భర్తల విషయంలోనూ ఆవిడది ఇదే అభిప్రాయమని విభాగంలో గుసగుసలాడుకునేవారు.

ఆ తర్వాత పరీక్షల పేరుతో నా మీద జరిగిన అఘాయిత్యాలు మనిషి మీద జరిగి ఉంటే కోర్టులో కేసు నడిచేది. బురదలో ముంచారు. దుమ్ముగదిలో పెట్టి ఫ్యాను తిప్పారు. ఐసుపెట్టెలో పడుకోబెట్టి, బయటికి తీసి వెంటనే కాల్చమన్నారు. సిమెంటు గచ్చు మీద పడేశారు. నేను పేలుతూనే ఉన్నాను. తుప్పు రాకుండా గొట్టం లోపల క్రోమియం పూత, ఖాళీ కేసు మెడ పట్టి లాగే బలమైన కొక్కెం, రౌండ్లను మొండికెయ్యకుండా పైకి తోసే స్ప్రింగు ఉన్న మేగజైను, ఇవన్నీ ఆవిడ చలవే. నిజానికి మా జాతిలో ఎక్కువమంది పరువు తీసేది పాడు మేగజైనే. మనుషులు మాత్రం తుపాకీ మొత్తాన్ని తిడతారు. అన్నం మాడితే పొయ్యిని తిట్టినట్టు.

అన్ని పరీక్షలూ నెగ్గిన నన్ను సరిహద్దుకు పంపుతారనుకున్నాను. ఉత్తరాంధ్రలో ఒక జిల్లా పోలీసుల ఆర్మ్‌డ్ రిజర్వ్‌కు పంపారు. మంచుకొండలకు తయారైనదాన్ని జీడితోటల మధ్యకు వచ్చిపడ్డాను. బ్యాంకు డబ్బు వెళ్ళే వ్యాను వెనక కూర్చోవడం, ఎన్నికల్లో పెట్టెల పక్కన నిలబడడం, మంత్రుల వెనక నడవడం నా ఉద్యోగం. యుద్ధం కన్నా శాంతే తుపాకీకి ఎక్కువ చేటు చేస్తుందని అక్కడే తెలిసింది. యుద్ధంలో ఎవడికైనా భయం ఉంటుంది కనుక తుడుస్తాడు. శాంతిలో పైనుంచి నూనె దిమ్మరించి తుడిచానంటాడు. ఆ నూనెలో దుమ్ము కలిసి కొన్నాళ్ళకు హల్వా అవుతుంది.

నా అదృష్టం కొద్దీ నన్ను సన్యాసమ్మకు ఇచ్చారు. సన్యాసమ్మ ఆర్మ్‌డ్ రిజర్వ్ కానిస్టేబులు. మనిషి పొడుగరి, నోరు ఇంకా పొడుగు. పెదగెడ్డపాలెం అనే పల్లెటూరి పిల్ల. నన్ను విప్పి, తుడిచి, నూనె చుక్కను వేలితో రాసి, మళ్ళీ పొడిగుడ్డతో దాన్ని కూడా తుడిచేసేది. పిసినారితనం అని తోటివాళ్ళు వెక్కిరిస్తే, “మీ తుపాకులకి తలంటు పోత్తన్నారు, పెల్లికేటి?” అనేది. నాతోనూ మాట్లాడేది, ఎక్కువగా తిట్లే. నాకు ఆ తిట్లంటే ఇష్టం ఏర్పడింది. ఇనుముకు ఇష్టాలుంటాయా అని అడగకండి, రాజ్యాంగంలో లేదని నాకూ తెలుసు.

ఇలా నడుస్తుండగా మాకు కొత్త రిజర్వ్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పేరు దక్షిణామూర్తి. గోదావరి వైపు మనిషి, సౌమ్యుడు, మహాభక్తుడు, మెరుపంటే ప్రాణం. బూటు మెరవాలి, బెల్టు బిళ్ళ మెరవాలి, మేమూ మెరవాలి. ఆయన్ను చెడ్డవాడంటే నా గొట్టం కుళ్ళిపోతుంది. నిజంగా మంచివాడు. మంచివాళ్ళు పూనుకుంటే జరిగే నష్టం వేరే రకంగా ఉంటుంది, అంతే.

దసరాల్లో మహర్నవమినాడు ప్రతి ఆయుధాగారంలోనూ ఆయుధపూజ చేస్తారు. మమ్మల్ని వరసగా తెల్లదుప్పటి మీద పడుకోబెట్టి, అమ్మవారి పటం పెట్టి, కొబ్బరికాయ కొడతారు. పాత ఇన్‌స్పెక్టర్లు మా వెనక బట్ మీద ఒక బొట్టు పెట్టి, బంతిపువ్వు అతికించి, ప్రసాదం మీద పడేవారు. దక్షిణామూర్తి అలా సరిపెట్టుకునే రకం కాదు. స్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని, తనే గంధం అరగదీశాడు. అందులో పసుపూ కుంకుమా కలిపి, కొబ్బరినీళ్ళతో పలచగా రంగరించాడు. తర్వాత అందరి బోల్టులూ వెనక్కి లాగి మా నోళ్ళు తెరిపించమన్నాడు.

సన్యాసమ్మ గబగబా ముందుకొచ్చింది. “సార్, బొట్టు బట్ మీద పెడదాం సార్. నోపల ఎందుకండి?” అంది.

“అమ్మా, మనిషికి బొట్టు నుదుట పెడతామా, మడమకు పెడతామా?” అన్నాడాయన ఎంతో ప్రేమగా. “శక్తి ఎక్కడుంటే అక్కడ పెట్టాలి. రౌండును కొట్టే మొన ఎక్కడి నుంచి వస్తుందో అక్కడ ఉంది తల్లి.”

అలా అని ఉంగరపు వేలితో నా బోల్టు ముఖం మీద, సరిగ్గా పిన్ను బయటికి వచ్చే సన్నని రంధ్రం మీద, చక్కని బొట్టు పెట్టాడు. చల్లగా లోపలికి జారింది. ఆ తర్వాత తెరిచిన నోళ్ళలో కొబ్బరినీళ్ళు తీర్థంలా చిలకరించాడు. వరసలో ఉన్న మా అందరికీ అదే మర్యాద దక్కింది. బురద, దుమ్ము, మంచు అన్నీ పరీక్షించిన హైమవతి గారికి గంధం పరీక్ష ఎందుకు తట్టలేదో నాకు తెలీదు. పాపం ఆవిడది కూడా ఈ దేశమే.

పూజలో కూర్చున్న ఆయుధాన్ని ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు, తుడవకూడదు. మర్నాడు దశమినాడు పదకొండు దాటాక ఉద్వాసన ముహూర్తం. ఈలోగా గంధం హాయిగా ఆరుతుందని మేం పడుకున్నాం.

ఆ సాయంత్రమే పెదగెడ్డపాలెంలో అప్పన్న చనిపోయాడు. అప్పన్న తప్పెటగుళ్ళ గురువు. గుండె మీద గుళ్ళనే గుండ్రటి రేకు వాద్యాలు కట్టుకుని, రెండు చేతులతో వాటిని మోగిస్తూ, ఎగురుతూ పాడే ఆట అది. ఎనభై దాటినా ఎగిరిన మనిషి. చిన్నప్పుడు సన్యాసమ్మ వాళ్ళ అరుగు ముందే ఆయన శిష్యులకు నేర్పేవాడు. ఆయన బతికుండగా ఊరికి రోడ్డు వెయ్యమని కనబడ్డ ప్రతి నాయకుణ్ణీ అడిగాడు. చనిపోయాక ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలని ప్రకటన వచ్చింది. తెల్లారేసరికి మంత్రిగారి కారు దిగబడకుండా ఆ దారిలో గ్రావెల్ పరిచారు. అప్పన్న అడిగిన రోడ్డు అప్పన్న పోయాక వచ్చింది.

అంత్యక్రియలు ఉదయం తొమ్మిదికి, ఉద్వాసన పదకొండుకు. దక్షిణామూర్తి నలిగిపోయాడు. చివరికి పటం ముందు చెంపలేసుకుని, కలశాన్ని కాస్త కదిపి, మమ్మల్ని వ్యానెక్కించమన్నాడు. సన్యాసమ్మ గుడ్డ తీసుకుని నా నోరు తెరవబోయింది.

“చెయ్యి తియ్యమ్మా! బొట్టు చెరపకూడదు. పైన పువ్వులు తీసేయండి చాలు. అమ్మవారి బొట్టుతో వెళ్ళి వందనం చేస్తే ఆ మహానుభావుడికీ పుణ్యమే,” అన్నాడు.

దసరా బందోబస్తుకు పోయినవాళ్ళు పోగా మనుషులు తక్కువయ్యారు కాబట్టి, వందనం చేసే వరసలో సన్యాసమ్మకు చివరి చోటు దొరికింది. మామూలు రోజైతే ఆడవాళ్ళను ఆ వరసలో నిలబెట్టేవారు కాదు. మా ఊరి మనిషి సార్, నన్ను పంపండి సార్ అని ఆమె అడిగిన తీరుకు ఆయన కాదనలేకపోయాడు.

ఊరు ఊరంతా చెరువుగట్టు కింద మైదానంలో చేరింది. అప్పన్న శిష్యులు గుళ్ళు కట్టుకునే వచ్చారు, గురువును ఆటతో సాగనంపాలని. ప్రోటోకాల్ చూసుకునే అధికారి ఒకాయన ఫైలు చంకన పెట్టుకుని వచ్చి వాళ్ళను ఆపాడు. ప్రభుత్వ వందనం పూర్తయ్యేదాకా వేరే చప్పుడు ఏదీ ఉండకూడదన్నాడు. వాళ్ళు గొణుక్కుంటూ గుళ్ళు విప్పి వేపచెట్టు కింద పెట్టారు.

మేం వరసగా నిలబడ్డాక, ఒక బక్కపల్చని ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ సన్యాసమ్మ దగ్గరికి వచ్చింది. ఆమె అప్పన్న భార్య బంగారమ్మ. చెవి దాదాపు వినబడదు, అందుకని తన గొంతు కూడా తనకు తెలీకుండా పెద్దగా వస్తుంది.

“నువ్వు మా సన్యాసివేనేటే?”

“అవును పెద్దమ్మా,” అని సన్యాసమ్మ ఆమె చెవి దగ్గరికి వంగింది.

“గుళ్ళు ఇప్పేయమన్నారట కదే. మీ పెదనాయన సప్పుడుతో బతికినోడు. సప్పుడు నేకుండా ఎలిపోతే నానెలాగ ఊరుకుంతానే? నాకు ఏ సప్పుడూ ఇనబడదు. ఆయన గుళ్ళ సప్పుడొక్కటీ ఇక్కడ తగిలేది,” అని గుండె మీద చెయ్యేసుకుంది. “మీరైనా గట్టిగా పేల్సుతారా? నాకిక్కడ తగలాల.”

“ఊరు అదిరిపోద్ది పెద్దమ్మా. నానున్నాను కదా,” అంది సన్యాసమ్మ.

ఆ మాట విన్నాక నాకు లోపల ఎక్కడో పట్టేసినట్టయింది. బాధ అనుకున్నాను. సగం బాధే, మిగతా సగం ఎండిన గంధం.

బ్యూగిల్ ఊదారు. మంత్రిగారు పూలచక్రం పెట్టి, కెమెరాల వైపు ఓరగా నిలబడి, చప్పుడుకు సిద్ధంగా రెండు చెవులూ మూసుకున్నారు. దక్షిణామూర్తి గొంతు సవరించుకుని కేకేశాడు. మా గొట్టాలన్నీ ఆకాశం వైపు లేచాయి.

“ఫైర్!”

టిక్. టిక్ టిక్. టిక్.

వరసంతా అదే. నేను కూడా టిక్కే. బురదలో మునిగి లేచిన నేను, మంచులోంచి వచ్చి పేలిన నేను, చిటికెడు గంధానికి, పిన్నును వెనకనుంచి కొట్టే లోపలి సుత్తి దెబ్బ తగిలినా పిన్ను కదలక, గోడగడియారంలా టిక్కుమన్నాను. సిగ్గంటే ఏమిటో ఆ క్షణంలో నాకు తెలిసింది. మంత్రిగారు ఇంకా చెవులు మూసుకునే ఉన్నారు, పేలిందో లేదో ఆయనకు తెలీదు.

దక్షిణామూర్తి ముఖాన చెమట పట్టింది. మళ్ళీ లోడ్ చెయ్యమన్నాడు. ఉత్త మందు రౌండు పేలినా మా బోల్టు దానంతట అది వెనక్కి రాదు, ముందు తూటా అడ్డం లేకపోతే పొగకు బలం చాలదు. కనుక వందనంలో ప్రతిసారీ చేత్తోనే లాగాలి. అందరూ డ్రిల్లులో నేర్పినట్టు మెత్తగా, ఒక్క తీరుగా లాగి వదిలారు. పాత రౌండ్లు కింద పడ్డాయి, కొత్తవి ఎక్కాయి. మళ్ళీ ఫైర్ అన్నాడు. మళ్ళీ టిక్కులే.

ఇక దక్షిణామూర్తి నోట మూడో ఆర్డరు రాలేదు. నోరు తెరుచుకునే ఉంది గానీ మాట లేదు. పోలీసు వరసలో ఒక నియమం ఉంది. ఆర్డరు లేనిదే కనురెప్ప కూడా కదలకూడదు. అందుకని అందరూ ఆకాశం వైపు తుపాకులెత్తి బొమ్మల్లా ఉండిపోయారు. వేపచెట్టు కింద గుళ్ళు, వాటి పక్కన తలలు దించుకున్న శిష్యులు. బంగారమ్మ గుండె మీద చెయ్యేసుకుని ఎదురుచూస్తోంది. పక్కనున్న ఆడమనిషిని, “అయిపోనాదా? నాకు తగల్నేదే,” అని అడిగింది. ఆ గొంతు అందరికీ వినబడింది.

సన్యాసమ్మ నన్ను కిందికి దించింది. ఆర్డరు లేదు, ఏమీ లేదు. నా బట్‌ను నేలకు ఆన్చి, లాగుడు పిడిని అరచేతి అడుగుతో ఒక్కటిచ్చింది. బోల్టు అదిరింది. ఇంకొకటిచ్చింది. “నేవే, దరిద్రపుదానా, నెగు!” అని నన్ను లెమ్మంటూ పళ్ళ మధ్య తిడుతూ, పిడిని బూటు అంచుతో తన్నింది. బోల్టు వెనక్కీ ముందుకీ ధడేల్మని కొట్టుకుంటుంటే లోపల గంధం పెచ్చులుగా పగిలింది. ఆ పెచ్చులు హైమవతి గారు పప్పుబద్దల కోసం వదిలిన చోట్లోకి రాలాయి. పిన్ను కదిలింది. నాకు ఊపిరొచ్చింది.

ఆమె నన్ను ఎత్తింది, లాగి వదిలింది, నొక్కింది.

ఢాం!

చెరువులో కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. మంత్రిగారు చెవులు మూసుకుని కూడా ఎగిరిపడ్డారు. దక్షిణామూర్తికి ప్రాణం లేచొచ్చి, “ఫైర్!” అని అరిచాడు. పేలాక ఆర్డరు రావడం పోలీసు చరిత్రలో అదే మొదటిసారో కాదో నేను చెప్పలేను. సన్యాసమ్మ మళ్ళీ లాగింది. ఢాం! మూడోసారికి ఆమె కళ్ళు కారిపోతున్నాయి, గురి అక్కర్లేని పేల్పు కనుక ఫరవాలేదు. ఢాం!

“తగిలిందే! తగిలిందే!” అని బంగారమ్మ గుండె మీద కొట్టుకుంటూ ఏడ్చింది. ఆమె కొట్టుకుంటున్న ఆ లయ వేపచెట్టు కిందవాళ్ళకు తెలిసినదే. ఒక శిష్యుడు గుళ్ళు అందుకున్నాడు, వెనకే ఇంకొకడు. ప్రోటోకాల్ అధికారి చెయ్యెత్తాడు గానీ ఆ చేతిని ఎవరూ చూడలేదు. అప్పన్న చితి దాకా గుళ్ళ మోత మధ్యే వెళ్ళాడు. వేడెక్కిన గొట్టంతో నేను సన్యాసమ్మ భుజాన ఉన్నాను. నన్ను చేసింది మనుషుల్ని చంపడానికని నాకు తెలుసు. ఆ పూట ఆ సంగతి మర్చిపోయి హాయిగా ఉన్నాను.

ఇక్కడితో కథ ఆగితే బాగుండేది. మనుషులు ఉన్నచోట విచారణ కమిటీ ఉంటుంది. టీవీల్లో టిక్కులన్నీ వచ్చేశాయి కదా. మంత్రిగారు ఒకే తుపాకీతో వందనం చెయ్యడం కొత్త సంప్రదాయమని విలేకరులకు చెప్పి చూశారు, ఎవరూ నమ్మలేదు. కమిటీవాళ్ళు మమ్మల్ని విప్పారు. ప్రతి బోల్టులోంచీ పచ్చగా, ఎర్రగా, సువాసనగా పెళ్ళలు రాలాయి. గదిలో గుడి వాసన వచ్చింది. ముగ్గురు సభ్యులూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. బొట్టు వల్ల తుపాకులు పేలలేదని రాసే చెయ్యి ఆ కమిటీలో లేదు. అలా రాస్తే మర్నాడు తమ ఇంటి ముందు ఎవరు ధర్నా చేస్తారో వాళ్ళకు తెలుసు. దక్షిణామూర్తి పాపం తనే నోరు విప్పి, “తప్పు నాదేనండీ, నేనే పెట్టాను,” అన్నాడు. ఆయన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆ మాట వినలేదన్నారు. చివరికి తేల్చిందేమిటంటే, ఈ తుపాకీల డిజైనులోనే లోపం ఉంది, లోపల మరీ వదులు, నమ్మదగినవి కావు, అందుకే పేలలేదు.

ఆ వదులు వల్లే ఒకటైనా పేలిందని చెప్పడానికి హైమవతి గారు అక్కడ లేరు. అప్పటికే రిటైరయ్యారు.

మా జట్టు మొత్తాన్ని పక్కనపెట్టి కొత్తవి తెప్పించారు. వాటికి దుర్భిణి, టార్చిలైటు తగిలించుకునే పట్టాలున్నాయి, ఊపితే ఏమీ మోగదు. మంచివే, నేను చాడీలు చెప్పను. వచ్చే దసరాకు వాటి నుదురు కూడా ఎవరో ఒకరు కనిపెడతారు. నా తోడబుట్టినవాటిని ముక్కలు కోసి కొలిమికి పంపారు. పేలినదాన్ని కనుక నాకేమైనా మినహాయింపు ఉంటుందని ఆశపడ్డాను. లేదు, జట్టుతో పాటే నేనూ నమ్మదగనిదాన్నే. సన్యాసమ్మకు ఆర్డరు లేకుండా కాల్చినందుకు మెమో, జిల్లా పరువు నిలబెట్టినందుకు ప్రశంసాపత్రం ఒకే కవర్లో వచ్చాయి. వాటితో పాటు శిక్షో బహుమతో తెలీని బదిలీ కూడా వచ్చింది, పోలీసు శిక్షణ కేంద్రానికి. వెళ్తూ వెళ్తూ ఆమె ఒక్కటే అడిగింది. పిల్లలకు పాఠం చెప్పడానికి ఒక కోసిన తుపాకీ కావాలి, దాన్ని ఇవ్వండి అని నన్ను చూపించింది.

అందుకే ఇప్పుడు నేను శిక్షణ కేంద్రం బల్ల మీద, నిలువునా కోసిన పనసకాయలా ఉన్నాను. నా గొట్టం, పొగ గది, కడ్డీ, బోల్టు అన్నీ అందరికీ కనబడతాయి. ఇంతకాలం కడుపులో దాచుకున్న కిటుకులన్నీ రంగులు పూసి చూపిస్తున్నారు. మొదట్లో సిగ్గేసేది, ఇప్పుడు అలవాటైంది. బోల్టు పక్క మూలలో ఒక పసుపు మరక మాత్రం ఎంత తుడిచినా పోలేదు, సన్యాసమ్మ గట్టిగా తుడవనూ లేదు.

కొత్త బ్యాచి వచ్చిన ప్రతిసారీ ఎవడో ఒకడు ఆ మరక ఏమిటని అడుగుతాడు. సన్యాసమ్మ నా సుత్తి వెనక్కి లాగి ట్రిగ్గర్ నొక్కుతుంది. టిక్ అంటాను. తరగతంతా నవ్వుతుంది.

“నవ్వకండి. డ్యూటీలో ఈ సప్పుడు ఇన్నాక ఏటి సేత్తారు?” అంటుంది.

“ఆర్డర్ కోసం చూస్తాం మేడమ్,” అంటారు.

“ఆర్డరిచ్చేవోడు నోరు తెరుసుకుని నిలబడిపోతే?”

ఆమె మరక సంగతి అడిగినవాణ్ణి పిలిచి, వాడి చెయ్యి పట్టుకుని నా లాగుడు పిడి మీద పెడుతుంది. “లాగు. మెత్తగా కాదు. అవతల ఒక ముసల్ది గుండె మీద సెయ్యేసుకుని కూకుందనుకో. ఇప్పుడు లాగు,” అంటుంది.

వాడు లాగుతాడు. సగం కోసిన ఒంట్లో నా సగం బోల్టు వెనక్కి వెళ్ళి, ధడేల్మని ముందుకొస్తుంది. నేనిక పేలను. లాగితే మాత్రం ఇప్పటికీ వస్తాను.